తగిలించినవి ఎవరూ తీయరు

మా పాత ఆఫీసు అటెండరు ఫోన్ చేసినప్పుడు నేను ఒక పీడీఎఫ్ ఫైలు తెరుచుకోవడం కోసం ఎదురుచూస్తూ కూర్చున్నాను. తెర మధ్యలో ఆ ఫైలు చదివే రీడర్ బొమ్మ వచ్చి నిలబడింది. దాని అడుగున చిన్న అక్షరాల్లో ఏవో పేర్లు ఒక్కొక్కటే మారుతున్నాయి. "బాబూ, మన కంప్యూటరమ్మ పోనాది" అన్నాడు. "జొరం. నాల్రోజులు నాటుమందు తాగింది. డోలీ కట్టి దింపుతుంటే దారిలోనే పోనాది. రోడ్డు దాకా రానేదు." ఫోన్ పెట్టేసి చూస్తే ఆ ఫైలు ఇంకా తెరుచుకోలేదు.

మీలో ఆమెను ఎరిగినవాళ్లు ఉండరు. ఏజెన్సీలో ఘాట్ రోడ్డుకి బాగా పైన, ఒక మండలాఫీసులో ఆమె కంప్యూటర్ ఆపరేటరు. ఊరి పేరు రాయను. రాసినా అడిగేవాళ్లెవరూ లేరు గానీ, ఆ ఆఫీసు బీరువాలో ఆమె మీద ఒక మెమో ఉంది. దాన్ని మళ్లీ ఎవరైనా బయటికి తీయడం నాకు ఇష్టం లేదు. ఆ మెమో రాసింది నేనే. ఆ సంగతికి వస్తాను.

కొండ మీది ఊళ్లో పుట్టి, మిషన్ హాస్టల్లో చదువుకుని, అక్కడే టైపు నేర్చుకుంది. ఆఫీసుకి కంప్యూటర్ వచ్చినప్పుడు దాన్ని ముట్టుకోవడానికి అందరూ జంకితే, టైపు వచ్చు కదా అని ఈమెను కూర్చోబెట్టారు. తాత్కాలికం అన్నారు. ఏటేటా ఒక పేజీ ఉత్తర్వుతో ఆ తాత్కాలికాన్ని పొడిగిస్తూ వచ్చారు. జనం కంప్యూటరమ్మ అనేవాళ్లు. నాకంటే పదేళ్లు పెద్దది కాబట్టి నేను అక్కా అనేవాణ్ణి. ఆమె నన్ను తమ్ముడూ అనేది, అదీ మొదటి రోజునుంచే, నా వాలకం ఏమిటో చూడకుండానే.

నేను విజయనగరం వైపు వాణ్ణి. జూనియర్ అసిస్టెంటు ఉద్యోగం, చేతిలో ఒక కంప్యూటర్ డిప్లొమా, ఎప్పుడు కిందికి బదిలీ అవుతుందా అనే ఒకే ఒక్క ఆలోచన. కొండకి వెళ్లిన మా మైదానం ఉద్యోగులు చాలామంది అంతే. శనివారం వస్తే కిందికి దిగే జీపు ఏదా అని కిటికీలోంచి చూస్తూ ఉంటాం.

సీలేరులో పుట్టిన కరెంటు మా తలల మీదుగా పెద్ద టవర్లెక్కి మైదానానికి పోతుంది. మాకు మిగిలేది ఎప్పుడొస్తుందో ఎప్పుడు పోతుందో తెలియని కరెంటు. అందుకని ఆఫీసుకి ఒక యూపీఎస్ ఇచ్చారు. దాని బ్యాటరీ కొత్తలో అరగంట నిలిచేదట. నేను చేరేనాటికి పది నిమిషాలు. ఆ పది నిమిషాల్లో ఎంత పనైతే అంతే.

పై ఆఫీసులో సంతకాలైన కుల, ఆదాయ ధ్రువపత్రాలు పీడీఎఫ్ ఫైళ్లుగా సీడీలో వచ్చేవి. ఒక్కొక్కటీ తెరిచి, ముద్రించి, రౌండు సీలు వేసి ఇవ్వాలి. వినడానికి సులువే. అయితే ఆ ఫైళ్లు చదివే రీడర్ కొత్త వెర్షన్ వేశాక, అది తెరుచుకోవడానికే మూడు నిమిషాలు పట్టేది. మా కంప్యూటరు ముసలిది, జ్ఞాపకశక్తి తక్కువ. రెండో ఫైలు తెరిస్తే మొదటిదానితో సహా బిగుసుకుపోయేది. కాబట్టి కాగితం కాగితానికీ రీడర్ని మూసి మళ్లీ తెరవాలి. కరెంటు పోయిందంటే ఆ పది నిమిషాల్లో రెండు కాగితాలు. మూడోది సగంలో ఉండగా యూపీఎస్ కీచుమని అరిచి ఆరిపోయేది.

సంత రోజున కిటికీ బయట వరస ఉండేది. కొందరు ముందురోజు పొద్దున బయల్దేరి నడిచి వచ్చినవాళ్లు. కాగితం అందకపోతే మళ్లీ సంతకే. ఈలోగా పిల్లకి హాస్టల్లో సీటు పోతుంది. ఇదంతా వాళ్లు మాకు చెప్పేవాళ్లు కాదు. నిలబడేవాళ్లు, కరెంటు పోతే కూర్చునేవాళ్లు, సాయంత్రం లేచి వెళ్లిపోయేవాళ్లు. ఒక్కరైనా గట్టిగా అరిచి ఉంటే మాకు కాస్త సిగ్గు వచ్చేదేమో.

రీడర్ తెరుచుకునే మూడు నిమిషాలూ కంప్యూటరమ్మ కిటికీ అవతలి మనిషితో మాట్లాడేది. "పేరేటమ్మా?" అని మొదలుపెడితే, ముసలమ్మ తన పేరు, ఇంటిపేరు, తండ్రి పేరు, వాళ్ల తాత ఏ కొండ నుంచి ఏ కొండకి ఎందుకు వలసొచ్చాడో అంతా చెప్పేది. వలస కథ పూర్తయ్యేసరికి ఫైలు తెరుచుకునేది. గడియారం అక్కర్లేకుండా అదే ఆమె కొలత. "తమ్ముడూ, ఈయేల రెండు తరాలు పట్టింది" అనేది నావైపు తిరిగి.

నాకు డిప్లొమా ఉంది కదా. కంప్యూటరుకి మెమరీ పెంచడం తప్ప మార్గం లేదని తేల్చి చెప్పాను. పై ఆఫీసుకి ఉత్తరం కూడా రాశాను. మూడు కొటేషన్లు జతపరచమని జవాబొచ్చింది. కొటేషన్లు ఇచ్చే దుకాణం మా కొండ మీద ఒక్కటీ లేదు కాబట్టి ఆ ఫైలు అక్కడితో ముగిసింది. నా బాధ్యత తీరిపోయిందని హాయిగా కూర్చున్నాను.

ఆమె అలా కూర్చోలేదు. రీడర్ తెరుచుకునేటప్పుడు బొమ్మ కింద పరుగెత్తే పేర్లున్నాయి చూశారా, వాటిని నేను ఏనాడూ చదవలేదు. ఆమె చదివింది. ఒక్కో పేరు రెప్పపాటు మాత్రమే ఉంటుంది, పట్టుకోవడం కష్టం. రోజుకి ఒకటో రెండో పట్టుకుని నోటుపుస్తకంలో తెలుగు అక్షరాల్లో రాసుకునేది. నెల తిరిగేసరికి పాతిక పేర్లు. ఒకరోజు ఆ పుస్తకం నా ముందు పెట్టి, "ఇదంతా ఎవురి సరుకు తమ్ముడూ?" అంది.

అవి ప్లగిన్లు. రీడర్‌కి అదనపు పనులు చేసిపెట్టే చిన్న చిన్న ఫైళ్లు. ఒకటి పేజీని గొంతెత్తి చదువుతుంది, ఒకటి ఇంటర్నెట్‌లో పుస్తకాలు కొనిపెడుతుంది, ఒకటి అక్షర దోషాలు వెతుకుతుంది. రీడర్ తెరిచిన ప్రతిసారీ అవన్నీ వరసగా లేచి కూర్చుంటాయి. మాకు వాటిలో దేనితోనూ పనిలేదు. ఇదంతా నేను డిప్లొమా గొంతుతో వివరించాను.

"పనిలేకపోతే ఎందుకు మోత్తంది?" అంది.

"అది అలాగే తయారుచేశారక్కా."

"కొండెక్కినోడెవుడూ తయారుసెయ్యనేదు మరి" అంది, పుస్తకం తీసుకుని వెళ్లిపోతూ.

ఆ మాట వెనక ఏముందో నాకు కొంతకాలం తర్వాత తెలిసింది. గ్రామసభ పని మీద ఆమెతో కలిసి వాళ్ల ఊరికి నడిచి వెళ్లాను. రోడ్డు దిగాక రెండు గంటల ఎక్కుడు. సగం దారిలో ఒక పెద్ద మద్దిచెట్టు ఉంది. దాని కొమ్మలకి సొరకాయ బుర్రలు, గొడుగులు, కంబళ్లు, ఒక జత చెప్పులు, అంబలి గిన్నె మూటకట్టిన గుడ్డ వేలాడుతున్నాయి. సంతకి దిగేవాళ్లు ఆ పైన అక్కర్లేని బరువు అక్కడ తగిలించి పోతారట. తిరిగొచ్చేటప్పుడు తీసుకుంటారు. ఒక్కోసారి ఆ తిరిగి రావడం వారమో నెలో పట్టినా అవి అక్కడే ఉంటాయి. ఒక బుర్ర మీద చెక్కిన నగిషీ బాగుందని చెయ్యి చాపాను.

"ముట్టుకోకు తమ్ముడూ" అందామె. "అది తిరుగు దారిది."

గట్టిగా అనలేదు, కోప్పడలేదు. పొయ్యి మీది గిన్నె ముట్టబోయే పిల్లవాడిని పక్కకి జరిపినట్టు నా చెయ్యి జరిపింది, అంతే.

కంప్యూటరులో కూడా ఆమె అదే పని చేసింది. ప్లగిన్లుండే ఫోల్డరు వెతికి పట్టుకుంది. పక్కనే ఇంకో ఫోల్డరు చేసి దానికి మద్ది అని పేరు పెట్టింది. రోజుకొక్క ప్లగిన్ని అందులోకి జరిపేది. జరిపాక ఒక ధ్రువపత్రం తెరిచి, ముద్రించి, పాత కాగితం పక్కన పెట్టి వెలుగులో చూసేది. అక్షరం పోలేదు, గీత పోలేదు అనుకున్నాకే మర్నాడు రెండోది. ఏదైనా తేడా వస్తే దాన్ని మళ్లీ మొదటి చోటికి తెచ్చేసేది. నేను నవ్వాను. "అన్నీ ఒక్కసారి డిలీట్ చేసి చూడొచ్చుగా అక్కా, పోతే ఏం పోయింది?" అన్నాను.

"మోయక్కర్నేనిది మొయ్యకు. పారీకు కూడా. తగిలించు" అంది.

నెలరోజులు పట్టింది. చివరికి లోపల మిగిలినవి మూడో నాలుగో. ఆ రోజు సంత. కిటికీ దగ్గరికి ఒక ముసలమ్మ వచ్చింది. "పేరేటమ్మా?" అంది కంప్యూటరమ్మ. ఆవిడ పేరు చెప్పి ఇంటిపేరు అందుకునేలోగా ఫైలు తెరుచుకుంది. ప్రింటరు కదిలింది. కాగితం చేతికిస్తే ముసలమ్మ అనుమానంగా దాన్నీ మమ్మల్నీ చూసి, "నాదేనా ఇది? మా తాత సంగతి సెప్పనేదు గదా!" అంది. కంప్యూటరమ్మ నవ్వు ఆపుకోలేక కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. తర్వాత ఆ తాత కథ పూర్తిగా విని మరీ పంపింది. ఆ రోజు రెండుసార్లు కరెంటు పోయింది. యూపీఎస్ మీద కూడా ఏడెనిమిదేసి కాగితాలు బయటికొచ్చాయి. సాయంత్రానికి వరస ఖాళీ. ఆఫీసు ముందు ఎవరూ కూర్చుని లేకపోవడం నేను చూసిన మొదటి సంత రోజు అది.

ఆమె అలవాట్లు కొన్ని చెప్తాను. కంప్యూటర్ గదిలోకి వచ్చేముందు కాళ్లు కడుక్కునేది. పగిలిన మౌసుకి తేనెపట్టు మైనం పెట్టి అతికించుకుంది. భుజానికి ఎప్పుడూ ఒక నల్లసంచి ఉండేది, దాని పిడి తెగితే ఎర్రదారంతో కుట్టుకుంది. తనవాళ్ల కాగితాలు ఎప్పుడూ చివర్న పెట్టేది. "మా ఊరోల్లవి ఆకర్న. ముందల కిటికీ కాడ నిల్సున్నోల్లవి" అనేది. సొంతవాళ్లకి ముందు చేసుకుందన్న మాట పడకూడదని ఆమె భయం. తాత్కాలిక ఉద్యోగానికి అలాంటి భయాలు చాలా ఉంటాయి. ఆ ఒక్క అలవాటు లేకపోయి ఉంటే బాగుండేదని ఈరోజుకీ అనుకుంటాను.

ఇక నా సంగతి.

కొర్రకొత్తల పండగకి ఆమె ఊరికి వెళ్లింది. అది కొత్త కొర్రలు దేవుడికి పెట్టి తినే పండగ. చర్చికి వెళ్లే ఇల్లే అయినా కొత్తల పండగ మానరు వాళ్లు. అదే సమయంలో కంప్యూటర్లు చూసే కాంట్రాక్టు ఇంజనీరు కింది నుంచి జీపులో వచ్చాడు. డిస్కు నిండిపోయిందని పనికిరానివన్నీ తీసేస్తున్నాడు. నేను పక్కనే ఉన్నాను. శనివారం. పని అవగానే జీపులో నన్ను కూడా కిందికి దింపుతానన్నాడు. వాన పట్టేలా ఉంది.

"ఈ మద్ది ఏంటండీ? కావాలా?" అన్నాడు.

నాకు తెలుసు. ఆ కొమ్మ కింద నిలబడ్డవాణ్ణి. చెప్పాలంటే ప్లగిన్ల సంగతి, యూపీఎస్ సంగతి, చెట్టు సంగతి అంతా చెప్పాలి. ఆయన ఇంకో పది ప్రశ్నలు వేస్తాడు. ఘాట్ రోడ్డు మీద మంచు కమ్ముతుంది. మా ఇంట్లో ఆ పూట చేపల పులుసు. "ఏమోనండీ, ఆవిడ ఏదో పెట్టుకుంది" అన్నాను. రెండు మీటలు కలిపి నొక్కాడు. చెత్తబుట్టలో కూడా పడకుండా పోయింది.

నెలన్నర గడిచింది. ధ్రువపత్రాలకి మద్దిలోవి అక్కర్లేదు కాబట్టి ఎవరికీ ఏమీ తెలియలేదు. అప్పుడొచ్చింది పోడు పట్టాల సీడీ. తరాలుగా కొండ చెక్కుకుని సాగుచేస్తున్న భూమికి పట్టా ఇస్తామన్నారు. కుటుంబానికి ఒక ఫారం. పేరు, భూమి హద్దులు ఆ గడుల్లో పైవాళ్లే నింపి పంపారు. మేం ముద్రించాలి, మనిషి వేలిముద్ర వేయించాలి, మూడో రోజు సాయంత్రం వచ్చే జీపుకి కట్ట ఇచ్చేయాలి. ఫైలు తెరిస్తే గడులన్నీ ఖాళీ. గడుల్లోని అక్షరాలు కనపడాలంటే రీడర్‌కి ఫారాల ప్లగిన్ కావాలి. అంతవరకూ మాకు ఫారాలతో పనిపడలేదు గనక అది మద్దికి వేలాడుతున్నవాటిలో ఒకటి.

"దానికేటి, తగిలించే ఉన్నాది, తెచ్చేత్తాను" అని కంప్యూటరమ్మ తాపీగా కుర్చీ జరుపుకుంది.

చాలాసేపు వెతికింది. "తమ్ముడూ, మద్ది ఏదీ?" అంది.

"ఇంజనీరు తీసేసుంటాడక్కా."

"తీసీడమేటి? తగిలించినది ఎవురైనా తీత్తారా?" నిజంగానే అర్థంకాక అడిగింది. "అప్పుడు నువ్వు నేవా?"

"లేను" అన్నాను.

వేరే కాపీ లేదు. తగిలించినదానికి కాపీ ఎందుకు పెట్టుకుంటారు? ఏ కొండ మనిషీ పెట్టుకోడు. రీడర్ అసలు సీడీ ఇంజనీరు దగ్గరే ఉంది. వానకి టెలిఫోను తీగ తెగి నాలుగు రోజులైంది, ఇంటర్నెట్ లేదు. పాడేరులో నెట్ సెంటరుంది, అక్కడ సీడీ రాయించుకుని సాయంత్రానికల్లా వచ్చేస్తానని ఆమె మర్నాటి మొదటి బస్సెక్కింది. పోతూ పోతూ నాకో మాట చెప్పింది. దగ్గరి ఊళ్లవాళ్లకి కబురుపెట్టు, కిటికీ దగ్గరే పేర్లు, హద్దులు అడిగి ఖాళీ గడుల్లో చేత్తో రాసెయ్యి అంది. "మా ఊరియ్యి నానొచ్చినాక సేద్దారి. ఆకర్న" అంది.

ఘాట్ మీద కొండచరియ విరిగిపడింది. ఆ రాత్రి ఆమె రాలేదు. మర్నాడంతా నేను రాస్తూనే ఉన్నాను. అటెండరు తడిసి ముద్దై ఊరూరికీ తిరిగాడు. అందరూ వచ్చారు, ఆమె ఊరివాళ్లు తప్ప. వాళ్ల దారిలో వాగు పొంగింది. ఆ ఊరి నలభై గడపల పేర్లూ, ఎవరి భూమి ఏ బండ నుంచి ఏ చెట్టు దాకానో నోటికొచ్చిన మనిషి ఆఫీసులో ఒక్కతే. ఆ మనిషి ఘాట్ రోడ్డు మీద బురదలో నడుస్తోంది. సాయంత్రం జీపు వేరే దారిలో చుట్టుతిరిగి వచ్చింది, కట్ట తీసుకుని వెళ్లిపోయింది.

తెల్లవారి ఆమె వచ్చింది. మోకాళ్ల దాకా మట్టి. సంచిలోంచి ప్లాస్టిక్ కవరు, అందులోంచి ఇంకో కవరు, అందులోంచి సీడీ తీసింది. జీపు వెళ్లిపోయిందని నేను చెప్పాక కూడా సీడీ వేసింది. తన ఊరి ఫారాలన్నీ ఒక్కొక్కటే ముద్రించింది. మొదటిది వాళ్లమ్మ పేరుతో ఉంది. ఆ కట్టని తర్వాత పంపితే రెండో విడతలో చూస్తామన్నారు. ఆ రెండో విడత ఎలా ఉంటుందో నేనింతవరకు చూడలేదు. ఆమె తల్లి నాటిన కాఫీ మొక్కల మధ్య ఇప్పుడొక అటవీశాఖ బోర్డు ఉంది, ఇందులో ప్రవేశించరాదని.

పైనుంచి విచారణకి వచ్చారు. ఇంజనీరు తాను పనికిరాని ఫైళ్లు మాత్రమే తీశానని రాసిచ్చాడు. రీడర్ ఫైళ్లను అనుమతి లేకుండా స్థానభ్రంశం చేసిన కారణంగా ప్రభుత్వ కార్యక్రమానికి విఘాతం కలిగిందని మెమో తయారైంది. స్థానభ్రంశం అనే మాట నాదే. ఆ రోజు ఆ మాట తట్టినందుకు లోలోపల కాస్త మురిసిపోయాను కూడా. కాపీ ఎందుకు ఉంచుకోలేదు అని మెమోలో అడిగితే ఆమె ఒక్క వాక్యం రాసింది: తగిలించినవి ఎవరూ తీయరని అనుకున్నాను. విచారణకి వచ్చిన పెద్దసారు దాన్ని పైకి చదివి నవ్వాడు. పక్కనున్నవాళ్లు నవ్వారు. నేనూ నవ్వాను.

ఆ ఏడాది ఆమె ఒక పేజీ ఉత్తర్వు రాలేదు. రీడర్ మళ్లీ కొత్తగా, పాతిక ప్లగిన్లతో, మూడు నిమిషాలు తెరుచుకుంటూ ఉండేది. వాటిని జరపడానికి ఇంకెవరికీ ధైర్యం లేదు. నాకు తెలుసు కదా ఎలా చేయాలో. నేను ముట్టుకోలేదు. మెమో నాకూ వస్తుందని.

ఆ తర్వాత ఆమెను ఒక్కసారే చూశాను, సంతలో. ముందు చింతపండు కుప్ప పోసుకుని కూర్చుంది. పక్కకి తప్పుకుందామనుకున్నాను గానీ ఆమే పిలిచింది.

"ఏటి తమ్ముడూ, ఎంతసేపు పడతంది ఇప్పుడు?"

"మళ్లీ మూడు నిమిషాలక్కా."

"మంచిదే. ముసలోల్లకి తాత కబుర్లు సెప్పుకోడానికి ఈలుంటాది" అని నవ్వింది. పిడికెడు చింతపండు ఆకులో చుట్టింది. చుట్టాక వెంటనే ఇవ్వలేదు. ముడి విప్పి మళ్లీ కట్టింది. నా మొహంలోకి చూసింది. నేను వాన గురించి ఏదో మాట్లాడాను. అప్పుడు పొట్లం నా చేతిలో పెట్టి, "బేగి ఎల్లు, జీపు పోతాది" అంది. ఆ నెలలోనే నా బదిలీ వచ్చింది.

ఆమె చనిపోయిన మూడు వారాలకి గానీ నేను కొండెక్కలేదు. సెలవు దొరకలేదని అనుకోండి. అటెండరు తోడొచ్చాడు. రిటైరవడానికి దగ్గరపడ్డ మనిషి, ఊపిరి అందడం లేదు. మద్దిచెట్టు దగ్గర కూలబడ్డాం. తలెత్తితే రెండు సొరబుర్రలు, ఒక గొడుగు, వాటి పక్కన ఒక నల్లసంచి. పిడికి ఎర్రదారం కుట్టు.

"డోలీ మోసినోల్లు అలిసిపోనారని ఆవిడే తగిలించమంది బాబూ" అన్నాడు. "తిరిగొచ్చినప్పుడు తీసుకుంతానంది."

"శవాన్ని ఇదే దారిలో తెచ్చారు కదా. ఎవరూ తీయలేదా?"

ఆయన నన్ను వింతగా చూశాడు. "ఆవిడ తీసుకోవాల గదా. మనమెలా తీత్తాం?"

వాన నీళ్లకి సంచి రంగు వెలిసింది. అడుగున నాచు పట్టడం మొదలైంది. అప్పుడు చెప్పాను. ఆయన అడగకుండానే చెప్పాను. ఆ శనివారం నేను అక్కడే ఉన్నానని, ఇంజనీరు నన్ను అడిగే మద్దిని తీశాడని, లేనని అక్కతో అబద్ధమాడానని. ఆయన చుట్ట వెలిగించుకుంటూ విన్నాడు.

"ఆవిడకి తెలుసు బాబూ" అన్నాడు. "ఇంజనీరు జీపులో మీరు కిందికి దిగిపోడం నాను సూసినాను. మెమో రాకముందే ఆవిడకి సెప్పినాను."

"మరి నన్ను ఒక్క మాట అనలేదే? విచారణలో చెప్పలేదే?"

"నానూ అదే అడిగినాను. సెప్పీమ్మా, నీ పని నిలబడతాది అన్నాను. వద్దంది." ఆయన చుట్ట బూడిద రాలుస్తూ కొమ్మల్లోకి చూశాడు. "ఒదిలీ, తిరుగు దారిలో తనే సెప్తాడు అంది."

తర్వాత లేచాం. పైనుంచి ఒక సంసారం సంతకి దిగుతోంది. ఆడమనిషి చంకలోని కంబళి తీసి, నల్లసంచి ఉన్న కొమ్మకే చోటు చూసుకుని, సంచికి తగలకుండా కొంచెం ఎడంగా తగిలించి, వెనక్కి చూడకుండా దిగిపోయింది.